చెప్పుల జతలు లెక్కపెట్టే మనిషి

(మా ఊరి గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం ఒక హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. పెద్దలకి, ముందు వరసలో కూర్చున్న నా పాత పిల్లలకి, వెనకాల నించున్నవాళ్ళకి కూడా. ఎందుకండీ నించోడం, ఇటుపక్క మూడు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి కదా. రండి. నా ముందు కూర్చోడానికి ఇప్పటికీ భయమేనా? బడి వదిలేసి ఇరవయ్యేళ్ళయింది మీరు.

నన్ను పిలవడానికి వచ్చినవాళ్ళు ఏమన్నారంటే, "మేడమ్, పెంపకం గురించి నాలుగు ముక్కలు చెప్పండి. మా చిన్నప్పుడు ఎంత స్ట్రిక్టుగా పెంచారో, దానివల్ల మనం ఎలా బాగుపడ్డామో చెప్పండి" అన్నారు. సరేనన్నాను. ఇంటికెళ్ళి మా నాన్నతో చెప్పాను. ఆయనకి 84 ఏళ్ళు. "పెంచింది నేనైతే నిన్ను పిలుస్తారేమిటి?" అన్నాడు. న్యాయమే కదా! "పోనీ నువ్వూ రా నాన్నా" అన్నాను. "ఎన్నింటికి?" "ఆరింటికి." "ఆరు దాటితే నేను గడప దాటను" అన్నాడు. ఆ రూలు ఆయన మాకోసం పెట్టిందండి. మేం ఎప్పుడో వదిలేశాం. ఆయన ఒక్కడూ ఇంకా పాటిస్తున్నాడు.

మా నాన్న కాలవల మీద లస్కరుగా చేశాడు. ఇక్కడున్న పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. చిన్నపిల్లలకి చెబుతాను. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. కాటన్ దొర విగ్రహం చూడని పిల్లాడు మన డెల్టాలో ఉండడు, అది తెలుసు. అయితే ఆనకట్ట కట్టినంత మాత్రాన నీళ్ళు చేలోకి వచ్చేస్తాయా? తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి సుమారు పది లక్షల ఎకరాలు. అక్కణ్ణించి ప్రధాన కాలవ, కాలవ నుంచి పిల్ల కాలవ, దాన్నుంచి బోదె, బోదె నుంచి మీ చేను. మధ్యలో ప్రతి చోటా ఒక షట్టరు ఉంటుంది. దాన్ని ఎత్తేవాడు, దించేవాడు ఒకడుండాలి. వాడే లస్కరు. జీతం చిన్నది, తిట్లు పెద్దవి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు చాలకపోతే వంతులు పెడతారు కదా, అప్పుడు చూడాలి. పైరైతు వచ్చి "ఇంకో గంట ఉంచరా" అంటాడు. శివారు రైతు వచ్చి "మా చేలు నెర్రెలిచ్చాయి, ఇంకా దించవేంరా" అంటాడు. ఇద్దరూ ఊళ్ళో పెద్దవాళ్ళే. మా నాన్న జేబులోంచి వాచీ తీసి చూపించేవాడు. అంతే. మాట లేదు.

ఇంట్లో కూడా అదే వాచీ అండి.

సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉండాలి. కంచంలో మెతుకు మిగల్చకూడదు. ఇది అమ్మ రూలు, నాన్న అమలు. పావలా ఇచ్చినా రాత్రికి లెక్క చెప్పాలి. ఎవరింట్లోనైనా ఏదైనా తింటే వచ్చి చెప్పాలి. చెప్పులు మెట్ల పక్కన ఎడంవైపు జతగా, ముందువైపు వీధికి ఉండేలా విడవాలి. ఒక చెప్పు ఇటు, ఒక చెప్పు అటు పడుంటే లోపలికి వచ్చాక కూడా పిలిచి మళ్ళీ పెట్టించేవాడు. అన్నం ముందు కూర్చున్నా సరే, లేపేవాడు. నాకు ఆ చెప్పుల రూలంత చిరాకు ఇంకోటి లేదు. చెప్పులేంటండీ? వాటికి దిక్కులేంటి? మా క్లాసు పిల్లలు నవ్వేవాళ్ళు, మీ ఇల్లు గుడా అని. చెప్పుల సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తాను దాని దగ్గరికి.

ముందు గేజీ సంగతి. లాకు అంటే కాలవకి అడ్డంగా షట్టర్లు కట్టిన చోటు. అక్కడ గోడకి స్కేలు ఉంటుంది, అడుగులూ అందులో భాగాలూ గీతలు పెట్టి. ఎగువన ఒకటి, దిగువన ఒకటి. పొద్దున్న ఆరింటికి రెండూ చూసి రిజిస్టర్లో రాయాలి. నాకు పదేళ్ళొచ్చేసరికి దిగువ గేజీ చూసే పని నాకు అప్పజెప్పాడు. ఆయన ఎగువది చూసేలోపు నేను దిగువది చూసి పలక మీద రాయాలి. పిల్లచేత ఆఫీసు పని చేయించడం తప్పే లెండి. ఇప్పుడాయనకి పింఛను వస్తోంది, మీరెవరూ పైకి చెప్పకండి.

ధనుర్మాసం. చలి. పొగమంచులో ఎదర మనిషి కనబడడం లేదు. గట్టు దిగి, తడి మెట్ల మీద వంగి, ఆ స్కేలు మీద పాకుడు తుడిచి చూడాలి. నేను దిగలేదండి. గట్టు మీదే నించుని నిన్నటి అంకె పలక మీద రాసేశాను. నిన్న ఎంతుందో ఇవాళా అంతే ఉంటుంది కదా, నీళ్ళకేం తెలుసు? ఆయన అది చూసి రిజిస్టర్లో ఎక్కించాడు. సరిగ్గా ఆ వేళే ఓవర్సీరు గారు సైకిలేసుకుని వచ్చారు. రాత్రి పైన ఎక్కడో షట్టర్లు దించారట, దిగువన నీళ్ళు బాగా తగ్గిపోయాయి. ఆయన రిజిస్టరు చూశారు, స్కేలు చూశారు. నా ముందే మా నాన్నని నిలబెట్టి, "గుడ్డివాడివా? గీతలు లెక్కపెట్టడం రాదా?" అని ఇంకా చాలా అన్నారు. నేను అరుగు మీద కూర్చుని వింటున్నాను. ఆయన నావైపు చూడలేదు. "నాదే పొరపాటండి" అన్నాడు.

ఇక చూడండి, ఇంటికి వచ్చాక వీపు చిట్లుతుందని నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఏమీ అనలేదు. అన్నం తిన్నాడు. పడుకున్నాడు. మర్నాడు పొద్దున్న ఆరింటికి నన్ను లేపి "పద" అన్నాడు. ఇద్దరం గట్టు దిగాం. ఆ గీత మీద నాచేత వేలు పెట్టించి, పైకి చదివించి, అప్పుడు రాయించాడు. ఆ మర్నాడూ అంతే. దాళ్వా అయ్యి కాలవలు కట్టేసేదాకా రోజూ అంతే. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండుననిపించేది, నిజంగా. నీళ్ళు చల్లగా ఉండేవి, వేలు తిమ్మిరెక్కేది. నేను 1998 నుంచి లెక్కలు చెబుతున్నాను, ఇప్పటికీ మార్కులు కూడేటప్పుడు అంకె మీద వేలు పెడతాను. ఇదుగో వీడు నవ్వుతున్నాడు చూడండి, వీడికి తెలుసు.

ఇప్పుడు ఇక్కడ నేను ఆగిపోయి "ఆహా, ఆ పెంపకం వల్లే నేను ఇంతదాన్నయ్యాను" అంటే మీరందరూ చప్పట్లు కొడతారు, నేను కాఫీ తాగి వెళ్ళిపోవచ్చు. ఆ పని చేయలేను. ఎందుకంటే మా ఇంట్లో పిల్లలు ఇద్దరు. రెండోవాడున్నాడు.

మా తమ్ముడు. ఇప్పుడు మస్కట్‌లో ఉన్నాడు. మన కోనసీమలో ఇంటికొకడు గల్ఫ్‌లో ఉంటాడు కదా, మా ఇంటికి వాడు. నేను ఈ సభ సంగతి ఫోన్లో చెప్పి, గేజీ కథ చెబుతానురా అన్నాను. వాడేమన్నాడో తెలుసా? "అక్కా, నువ్వు స్టేజీ ఎక్కి చెప్పే కథలో నా వీపు ఉండదు" అన్నాడు.

వాడి వీపు కథ కూడా చెబుతాను మరి. జూన్ నెల, కాలవలకి కొత్తగా నీళ్ళు వదిలారు. వేసవంతా ఎండిపోయిన కాలవలో ఎర్రటి నీళ్ళు వస్తుంటే పిల్లలు ఆగుతారా? వీడు, ఇంకో ముగ్గురు లాకు కింద దిగారు. షట్టరు కింద నీళ్ళెలా ఉంటాయో మీకు తెలుసు. పైకి నున్నగా అద్దంలా కనబడతాయి, అడుగున కాళ్ళు పట్టి లాగేస్తాయి. నాన్న చూశాడు. దూకి, వీడి జుట్టు పట్టుకుని గట్టుకి లాగాడు. ఆ తర్వాత పక్కనే పడున్న కొబ్బరి మట్ట తీసుకుని కొట్టాడు. ఎన్ని దెబ్బలో నేను లెక్కపెట్టలేదు. అమ్మ అడ్డం వెళ్తే ఆవిడకీ తగిలింది. మట్ట విరిగేదాకా కొట్టాడు. వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. వారం రోజులు బోర్లా పడుకున్నాడు. ఎందుకు కొట్టాడో ఒక్క మాట చెప్పలేదు. ఆ వేళా చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

దీన్ని మెచ్చుకోమంటారా? నేను మెచ్చుకోను.

ఇంకోటి కూడా ఉంది, అది నా ఫిర్యాదు. ఆరింటి రూలు తమ్ముడికి పదో తరగతి వచ్చేసరికి తొమ్మిదయింది. వాడు సెకండ్ షోకి రాజోలు వెళ్ళి వచ్చినా అడిగేవాళ్ళు లేరు. నాకు మాత్రం డిగ్రీ చదివేటప్పుడు కూడా ఆరే. అడిగితే "వాడు మగపిల్లాడు" అంది అమ్మ. వాచీ అందరికీ ఒకటే చూపించిన మనిషి కదా, ఇక్కడ రెండు వాచీలు ఎందుకు పెట్టాడు? ఈ విషయంలో నేను ఆయనకి మార్కులు వెయ్యలేదు. మొన్న కూడా చెప్పాను ఆయనతో. "అప్పుడు కాలం అలాంటిది" అన్నాడు. కాలం మీదకి నెట్టేస్తే ఎలాగండీ? షట్టరు దించింది నువ్వే కదా అన్నాను. జవాబు లేదు. అమ్మాయిల తండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు, అందుకే చెబుతున్నాను.

సరే. 1986 వరదకి వద్దాం. ఆగస్టు నెల. భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది. అంత వరద మళ్ళీ రాలేదు. లంకలన్నీ మునిగాయి, ఏటిగట్టుకి ఎక్కడ గండి పడుతుందోనని ఊళ్ళకి ఊళ్ళు గోనెసంచులు మోశాయి. నాకు పన్నెండేళ్ళు. నాన్న గట్టు మీదే ఉన్నాడు, మూడు రాత్రులు ఇంటికి రాలేదు. వెళ్ళేముందు అమ్మతో ఒకటే మాట చెప్పాడు, "పిల్లలు అరుగు దిగకూడదు" అని. మాకేమో వరద చూడాలని. ఊరంతా చూస్తోంది, మేం చూడకూడదా? అమ్మ తలుపు గొళ్ళెం పెట్టి గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది.

మూడో రాత్రి వచ్చాడు. లాంతరు వెలుగులో నేను కిటికీలోంచి చూశాను. మోకాళ్ళ దాకా బురద. లోపలికి రాలేదు. మెట్ల దగ్గర వంగి లాంతరు కిందికి పెట్టాడు. ఏం వెతుకుతున్నాడా అనుకున్నాను. మా చెప్పులు చూస్తున్నాడు. నా జత ముట్టుకున్నాడు, తమ్ముడి జత ముట్టుకున్నాడు. అప్పుడు మెట్ల మీద కూలబడ్డాడు. చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. నేను అప్పుడు ఏమనుకున్నానో తెలుసా? అమ్మో, ఇంత రాత్రి కూడా చెప్పులు సరిగ్గా విడిచామో లేదో చూస్తున్నాడు అనుకున్నాను!

ఇది నాకు అర్థం కావడానికి దగ్గర దగ్గర పాతికేళ్ళు పట్టింది. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది అప్పుడు. ఒక రోజు ట్యూషన్ నుంచి ఎనిమిదయినా రాలేదు. ఫోను స్విచాఫ్. నాకు టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి. నాన్న వీధిలోకీ లోపలికీ తిరుగుతున్నాడు. బస్సు చెడిపోయిందట, తొమ్మిదింటికి వచ్చింది. రాగానే నేను చెయ్యెత్తాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ రాత్రి వంటింట్లో కూర్చుని చెప్పింది.

నేను పుట్టకముందు, నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక పొద్దున్న గేజీ చూడ్డానికి వెళ్తే షట్టరుకి అడ్డంగా ఒక పిల్లాడు ఉన్నాడట. తొమ్మిది, పదేళ్ళుంటాయి. కాలవల మీద పనిచేసేవాళ్ళకి ఇది కొత్త కాదు. ఎక్కడ పడినా లాకు దగ్గరికే వచ్చి ఆగుతారు. బయటికి తీసింది ఈయనే. ఏ ఊరి పిల్లాడో తెలీదు. చూసినవాళ్ళెవరూ మావాడనలేదు. ఈయన గట్టు పట్టుకుని ఎగువకి నడిచాడట. రెండు మైళ్ళు పోయాక ఒక రేవు మెట్ల మీద చిన్న చెప్పుల జత కనిపించింది. చక్కగా, పక్కపక్కనే విడిచి ఉన్నాయి. ఆ చెప్పులు చేతిలో పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళాడు. ఇల్లిల్లూ తిరిగి, "ఈ చెప్పులు ఎవరివండి?" అని అడిగాడట. ఒక ఇంట్లో ఒకావిడ బయటికి వచ్చి, "మావాడివే, ఎక్కడ దొరికాయి బాబూ?" అంది. ఆవిడకింకా తెలీదు. పిల్లాడు అమ్మమ్మగారింటికి వెళ్ళాడనుకుంటోంది.

ఆవిడకి ఆ మాట చెప్పింది మా నాన్నే.

(ఒక్క నిమిషం. మంచినీళ్ళు ఇవ్వమ్మా.)

ఆరు దాటితే ఇంట్లో ఉండాలి. ఎక్కడ తిన్నారో చెప్పాలి. చెప్పులు జతగా విడవాలి. ఇన్నేళ్ళూ నేను ఇది ఆయన చాదస్తం అనుకున్నాను, అధికారం అనుకున్నాను. అమ్మని అడిగాను, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?" అని. "పిల్లలకి అవన్నీ చెబుతారా, జడుసుకోరూ?" అంది. జడుసుకుంటామని చెప్పలేదు సరే. చెప్పకుండా కొబ్బరి మట్టతో చెప్పారు కదా! దానికి జడుసుకోమా? తమ్ముడికి ఆ వేళ గట్టు మీద కూర్చోబెట్టి ఆ పిల్లాడి సంగతి చెప్పి ఉంటే, వాడు జన్మలో లాకు కింద దిగేవాడు కాదు. ఇప్పుడు వాడు ఫోను చేసినప్పుడల్లా నాతో గంట మాట్లాడతాడు, నాన్నతో మూడు మాటలు. "బాగున్నావా? మందులేసుకుంటున్నావా? ఉంటాను." అదే వరస, ఏళ్ళ తరబడి.

నేను వాడికి ఆ చెప్పుల కథ చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆయన చెప్పాల్సింది, నువ్వు చెబుతున్నావు" అన్నాడు.

మనలో చాలామందికి ఒక మాట అలవాటు, "మేం దెబ్బలు తిన్నాం, బాగుపడలేదా?" అని. పేరెంట్స్ మీటింగులో నెలకి పదిమందైనా అంటారు, "మేడమ్, నాలుగు తగిలించండి, మేం ఏమీ అనుకోం." వేదికలెక్కి ఈ మాట చెప్పేది ఎవరండీ? బాగుపడినవాళ్ళు. దెబ్బలు తిని బడి మానేసినవాళ్ళని ఏ సభకైనా పిలిచారా? ఇల్లొదిలి పోయినవాణ్ణి పిలిచి శాలువా కప్పారా? లెక్కల టీచర్ని కదా, సగం అంకెలు వదిలేసి సగటు తీస్తే నేను ఒప్పుకోను.

నా సంగతీ చెప్పాలి. నేనూ కొట్టాను. చేరిన కొత్తల్లో బెత్తం లేకుండా క్లాసుకి వెళ్ళేదాన్ని కాదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఇద్దరి చేతులు నాకు గుర్తున్నాయి. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ నుంచి అమలు. అందులో 17వ సెక్షన్, పిల్లల్ని శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు. మా స్టాఫ్ రూములో ఎంత గోల చేశామో! ఇక పిల్లలు మన నెత్తినెక్కుతారు అన్నాం. మొదటి ఏడాది కష్టంగానే ఉంది, అబద్ధమెందుకు. బెత్తం ఉన్నన్నాళ్ళూ నేను కారణం చెప్పనక్కర్లేకపోయేది. అది పోయాక చెప్పాల్సి వచ్చింది. చెప్పబోతే కొన్ని రూళ్ళకి నా దగ్గరే కారణం దొరకలేదు. అవి తీసేశాం.

డయానా బౌమ్‌రిండ్ అని అమెరికాలో ఒకావిడ, బర్కిలీలో ఉండేది. 1960లలో చిన్నపిల్లల్నీ వాళ్ళ తల్లిదండ్రుల్నీ దగ్గరగా గమనించి, పెంపకంలో మూడు రకాలు చెప్పింది. నేను చెప్పింది చెయ్యి, ఎదురు మాట్లాడకు అనేవాళ్ళు ఒక రకం. ఏం చేసినా సరేననేవాళ్ళు ఇంకో రకం. మూడో రకం వాళ్ళూ గట్టివాళ్ళే. రూలు సడలించరు, కానీ ఎందుకో చెబుతారు, పిల్ల ఏమంటుందో వింటారు. ఆవిడ ఈ మూడోవాళ్ళ వైపు మొగ్గింది. గట్టిగా ఉండొద్దని ఆవిడ ఎక్కడా అనలేదు, అది గమనించండి. నేను ఇది చదివినప్పుడు మా నాన్నని ఏ గళ్ళో రాయాలో తెలీలేదు. గేజీ దగ్గర మూడో గడి, ఎందుకంటే కారణం అక్కడ నా కళ్ళ ముందే ఉంది, ఓవర్సీరు గారి రూపంలో. లాకు కింద మొదటి గడి. ఒకే మనిషి, ఒకే గట్టు మీద.

(ఎవరో అడుగుతున్నారు... ఆఁ, ఫోను గురించా?) ఫోను గురించి నన్నడక్కండి, మా మనవడు నా మాటే వినడు. ఒక్కటి చెబుతాను. వాడి దగ్గర ఫోను లాక్కునే ముందు మన చేతిలోది కింద పెట్టాలి. మా నాన్న మమ్మల్ని ఆరింటికి రమ్మన్నాడు, డ్యూటీ లేనినాడు ఆయనా ఆరింటికి అరుగు మీద ఉండేవాడు. పేకాటకి పిలిచినా వెళ్ళలేదు. అది మాత్రం నేను కాదనలేను.

పోయిన సంక్రాంతికి తమ్ముడు వచ్చాడు. భోగి నాడు పొద్దున్నే నాన్నని స్కూటరు మీద ఎక్కించుకుని గన్నవరం అక్విడక్టు దాకా, అదే కాలవని ఏటి మీదుగా దాటించే వంతెన దాకా, తీసుకెళ్ళాడు. నన్ను రమ్మనలేదు. మధ్యాహ్నం దాటాక వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తమ్ముడు లోపలికి వస్తూ చెప్పులు విడిచాడు. ఎడంవైపు, జతగా, ముందువైపు వీధికి. యాభై ఏళ్ళకి దగ్గరపడ్డాడు వాడు.

ఏడుంపావు అయింది. ఏడున్నరకి వస్తానని చెప్పి వచ్చాను, కాబట్టి ప్రశ్నలుంటే రేపు బడికి రండి. ఆయన ఈపాటికి అరుగు మీద కూర్చునుంటాడు. అమ్మ పోయాక మా ఇంట్లో మూడే జతలు. ఆయనవి, మావారివి అక్కడున్నాయి. నావి ఇక్కడ మీ గుమ్మం బయట, మీ అందరి చెప్పుల కింద ఎక్కడో ఉన్నాయి. ఎవరైనా ముందు వెళ్ళేవాళ్ళు కాస్త చూసుకుని తొక్కండి. వస్తానండి.